హెడ్‌ల్యాంప్ కొనేముందు ఇది చదువు బుజ్జీ

బుజ్జీ,

నువ్వూ నీ స్నేహితులూ కొండ మీద టెంట్లు వేసుకుని, రాత్రిపూట కూడా నడవబోతున్నారని మీ అమ్మ చెప్పింది. వినగానే ఎంత సంతోషమేసిందో, ఆ వెంటనే అంత టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్లో అయితే "సరే పెద్దమ్మా, సరే" అంటూ సగమే వింటావని రాస్తున్నాను. బూట్లు, నీళ్లు, వానకోటు గురించి నీకు ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది తలకు పెట్టుకునే లైటు గురించి. 1000 ల్యూమెన్లది చూసి పెట్టుకున్నావట. ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే వెలుతురుకు కొలత. ఆ అంకె చూసి మాత్రం కొనకు.

అట్ట మీద పెద్దగా అచ్చేసే ఆ వెలుతురు చాలా లైట్లలో మొదటి కొద్ది నిమిషాలదే. వేడెక్కగానే లైటు తనంతట తానే తగ్గిపోతుంది. టెంట్లో సామాను వెతుక్కోవడానికి 10, 20 ల్యూమెన్లు చాలు. మామూలు కాలిబాటకు 100 నుంచి 200. రాళ్ల దారిలో దిగేటప్పుడో, దారి ఎటు పోయిందో తెలియనప్పుడో 300 పైన కావాలి, అదీ కాసేపే. ఇక "ఇన్ని గంటలు వెలుగుతుంది" అని రాస్తారు చూడు, అక్కడ కాస్త ఆగు. ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ప్రకారం కొలిచేటప్పుడు, మొదటి వెలుతురులో పదో వంతుకు పడిపోయేదాకా గడిచిన సమయమంతా లెక్కలోకి వస్తుంది. అంటే 300 ల్యూమెన్ల దగ్గర 8 గంటలని రాసి ఉంటే, ఎనిమిదో గంట చివర నీ ముందు 30 ల్యూమెన్లే ఉండొచ్చు. 100 మీటర్ల దూరం అన్నా అంతే. అంత దూరంలో దాదాపు నిండు పున్నమి వెన్నెలంత వెలుగు పడుతుందని దాని అర్థం, అక్కడున్న గుంత నీకు కనబడుతుందని కాదు.

కాబట్టి నువ్వు నడిచే వెలుతురులో, అంటే ఆ 100, 200 దగ్గర, ఎన్ని గంటలు వస్తుంది, ఆ వెలుతురు చివరిదాకా నిలబడుతుందా, అయిపోయేముందు హెచ్చరిస్తుందా అని చూడు. బ్యాటరీ అడుగంటినప్పుడు ఠక్కున ఆరిపోకుండా, చిన్న వెలుగులోకి దిగి ఇంకాసేపు నడవనిచ్చేవి ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఎందుకో చెప్తాను.

మీ పెదనాన్న సంగతి నీకెవరూ చెప్పి ఉండరు, ఆయనకు చెప్పుకోవడం ఇష్టం ఉండదు. మేమిద్దరం కొత్తగా కొండలెక్కుతున్న రోజులవి. బయల్దేరే ముందు రాత్రి ఆయన లైటును నిండా చార్జ్ చేసి, బ్యాగులో బట్టల మధ్య కుక్కేశారు. పెద్ద బటన్, కాస్త ఒత్తితే చాలు వెలిగేది. బ్యాగు భుజానికెత్తుకున్నప్పుడో, మధ్యలో దించినప్పుడో అది ఒత్తుకుపోయింది. ఆ బట్టల్లో పగలంతా వెలుగుతూనే ఉంది, ఎండలో మాకేం తెలుస్తుంది? పొద్దుగుంకాక తీస్తే చేతికి వెచ్చగా తగిలింది. అప్పుడైనా అనుమానం రావాలి కదా! "నిండా చార్జ్ చేశాను, ఏం కాదు" అంటూ తలకు బిగించుకుని దిగడం మొదలుపెట్టారు. గులకరాళ్లు జారే వాలు మధ్యలో ఉండగా ఆరిపోయింది. ముందుగా మినుకుమనడం కూడా లేదు. బ్యాటరీ లోపలే బిగించేసిన రకం, మార్చడానికి వీల్లేదు.

ఇద్దరికీ కలిపి నా లైటు ఒక్కటే మిగిలింది. నేను ముందు నడిస్తే ఆయనకు నా వీపు తప్ప ఏమీ కనబడదు. ఆయన్ని ముందు పంపితే ఆయన నీడే ఆయన కాళ్ల దగ్గర పడుతుంది. చివరికి ఏం చేశామంటే, నేను నాలుగడుగులు దిగి, కాలు గట్టిగా నిలదొక్కుకుని, వెనక్కి తిరిగి, తల వంచి ఆయన పాదాల మీద వెలుతురు వేసేదాన్ని. కళ్లలో పడకూడదు, పడిందంటే మళ్లీ చాలాసేపు ఆయనకేమీ కనబడదు. ఆయన నా దాకా వచ్చి నా బ్యాగు పట్టీ పట్టుకున్నాక మళ్లీ నాలుగడుగులు. అలా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఆ వాలంతా దిగాం. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోందని టెంటు దగ్గరికి చేరాక గానీ ఆయన చూసుకోలేదు. అజాగ్రత్త మనిషి కాదమ్మా ఆయన. పొద్దున నిండుగా ఉన్న బ్యాటరీ సాయంత్రానికీ నిండుగానే ఉంటుందని నమ్మారు, అంతే. రాళ్లు జారే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

అందుకని లాకౌట్, అంటే పొరపాటున బటన్ ఒత్తుకున్నా వెలగకుండా వేసే తాళం, లేని లైటు నువ్వు కొనడానికి వీల్లేదు. కొన్నిట్లో బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే తాళం పడుతుంది, కొన్నిట్లో బ్యాటరీ మూతను పావు చుట్టు వదులు చేస్తే కరెంటు దారే తెగిపోతుంది. నాకు రెండోదంటే నమ్మకం ఎక్కువ. బ్యాటరీ కూడా చేత్తో తీసి మార్చగలిగేదై ఉండాలి. 18650 అని రాసి ఉండే, చార్జ్ చేసుకునే లిథియం సెల్ చాలా లైట్లలో పడుతుంది. మూడు చిన్న ట్రిపుల్ ఏ సెల్స్‌తో కూడా పనిచేసే రకాలు ఉన్నాయి, అవీ మంచివే. విడి సెల్‌ను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు. తాళంచెవులతో కలిపి జేబులో వేసుకున్నావంటే షార్ట్ అయి మండిపోగలదు. విమానంలో వెళ్తే అది నీ చేతి బ్యాగులోనే ఉండాలి. ఇవన్నీ ఉన్నా సరే, రెండో లైటు ఒకటి చిన్నదైనా తీసుకెళ్లు. ఫోన్ లైటు ఉందిగా అనకు. రాళ్ల దారిలో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఎవరినైనా పిలవాల్సి వస్తే ఆ ఫోన్‌లో చార్జ్ ఉండాలి.

నీటిని ఎంత తట్టుకుంటుందో ఐపీఎక్స్ అనే గుర్తు పక్కన అంకె చెప్తుంది. వానకు ఐపీఎక్స్4 అంటే ఏ వైపు నుంచి తుంపర పడ్డా ఫరవాలేదు, వాగులు దాటేదుంటే కాసేపు నీళ్లలో మునిగినా తట్టుకునే ఐపీఎక్స్7 తీసుకో. చార్జింగ్‌కు టైప్ సీ ఉండాలి, వాళ్ల సొంత అయస్కాంతం తీగ పోయిందంటే దారిలో ఇంకోటి దొరకదు. ఇంకో సంగతి, కొన్ని లైట్లకు టైప్ సీ ఉన్నా రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో చార్జ్ ఎక్కవు, ఒకవైపు పాత యూఎస్‌బీ ఉన్నదే కావాలి. నీ పవర్‌బ్యాంకుతో, నువ్వు తీసుకెళ్లే కేబుల్‌తోనే ఇంట్లో చార్జ్ చేసి చూడు. చలి ఎక్కువైతే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి స్లీపింగ్ బ్యాగులో ఒంటికి దగ్గరగా పెట్టుకో. గడ్డకట్టే చలిలో మాత్రం చార్జ్ చేయకు, బ్యాటరీ పాడవుతుంది.

ఎర్ర లైటు తప్పకుండా ఉండాలి, అదీ తెల్ల లైటు మీదుగా వెళ్లకుండా నేరుగా వెలిగేదై ఉండాలి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, తెల్ల వెలుగు ఒక్కసారి పడితే అదంతా పోతుంది. మసక ఎరుపు అంతగా చెడగొట్టదు, పక్కన పడుకున్నవాళ్లకూ ఇబ్బంది ఉండదు.

పొగమంచు పట్టినప్పుడు లైటు తల మీద ఉంచుకోకు. కళ్ల పక్కనుంచే వెలుగు వెళ్లి, మంచుకు తగిలి మళ్లీ కళ్లలోకే వస్తుంది, తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు. తీసి నడుము దగ్గర పట్టుకో. మంచు లేకపోయినా, దిగేటప్పుడు ఓసారి అలా పట్టుకుని చూడు. నుదుటి మీద ఉన్నప్పుడు రాళ్ల నీడలు రాళ్ల వెనకే దాక్కుని నేలంతా చదునుగా అనిపిస్తుంది. కిందనుంచి వెలుగు వేస్తే ప్రతి రాయికీ పొడుగు నీడ వచ్చి, ఎత్తేదో పల్లమేదో చక్కగా తెలుస్తుంది.

ఎప్పుడైనా చిక్కుకుపోతే, అలా జరగకూడదనే నా కోరిక, నిమిషంలో ఆరుసార్లు లైటు ఆర్పి వెలిగించి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు చేయి. కొండల్లో అది సాయం కోరే గుర్తు. చూసినవాళ్లు నిమిషానికి మూడుసార్లు వెలిగించి జవాబిస్తారు. నీ స్నేహితులకు కూడా నేర్పు.

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. నీ వయసులో నాకు ఈ ధైర్యం లేదు, నిన్ను చూస్తే గర్వంగా ఉంది. కొనేముందు ఆ పెట్టె ఫొటో నాకు పంపు, ముందువైపుది కాదు, గంటల లెక్క ఉండే వెనకవైపుది. చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ