బాప్టిస్టు సంఘానికీ సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘానికీ తేడా ఏమిటి?

రెండూ ప్రొటెస్టెంటు సంఘాలే కదా, మరి ఒకే ఊళ్ళో వేర్వేరు చర్చిలెందుకు అని అడిగారు.

బైబిలే ప్రమాణమనీ, రక్షణ విశ్వాసం వల్లేననీ ఇద్దరూ నమ్ముతారు. అసలు తేడా బాప్తిస్మం దగ్గర వస్తుంది. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ప్రార్థన చేసి ప్రతిష్ఠిస్తారంతే. ఊహ తెలిశాక, యేసును నమ్ముతున్నానని తన నోటితో చెప్పినవారిని నీళ్ళలో పూర్తిగా ముంచుతారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది ఇలా బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఈ సంగతి తెలియకుండా ఆ ప్రాంతపు సంఘాలు అర్థం కావని నా అభిప్రాయం.

సి.ఎస్.ఐ.లో పసిబిడ్డలకూ బాప్తిస్మం ఇస్తారు. పెద్దయ్యాక బిషప్పు తలమీద చేతులుంచి విశ్వాసాన్ని స్థిరపరుస్తారు. ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన చర్చి ఇది. అందుకే బిషప్పులూ, వాళ్ళ అధికార ప్రాంతాలైన డయోసిస్‌లూ ఉంటాయి. బాప్టిస్టుల్లో పాస్టరును, డీకన్లను (సంఘ పరిచారకులను) స్థానిక సంఘమే ఎన్నుకుంటుంది.

ఆదివారం ఆరాధన, సండే స్కూలు, స్త్రీల కూడిక మాత్రం రెండుచోట్లా ఉంటాయి. పాడే తెలుగు కీర్తనలూ చాలావరకు అవే. అందుకే ఎవరింట్లో చావు జరిగినా ఇరు సంఘాలవాళ్ళూ వచ్చి, పుస్తకం తెరవకుండానే కలిసి పాడగలుగుతారు.