న్యూస్‌ప్రింట్ డబ్బు ఎవరిచ్చారో చూడు

చి. అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన రాతప్రతి అందింది. నమ్‌ది అజికివే, అదే పత్రికలు నడిపి నైజీరియాకు తొలి అధ్యక్షుడైన 'జిక్', ఆయన మీద తెలుగులో పుస్తకం రాయాలన్న ఆలోచన నీకెలా వచ్చిందో గానీ, నలభై పేజీలూ ఒక్క రాత్రిలో చదివేశాను. చదివి ఊరుకుందామనుకున్నాను. ముప్పై ఏళ్లు డెస్కులో కూర్చున్న చెయ్యి కదా, ఎర్రపెన్ను దానంతటదే వెతుక్కుంది.

ముందు మొదటి పేజీ తీసెయ్. "1904 నవంబరు 16న ఉత్తర నైజీరియాలోని జుంగేరులో జన్మించారు" అని ఎత్తుకున్నావు. తప్పేమీ లేదు, కానీ అలా మొదలైన జీవిత చరిత్రల్ని నేను మూడో పేజీ దాటి చదివింది తక్కువ. అక్రా కోర్టు దగ్గర మొదలుపెట్టు. అమెరికాలో చదువుకుని వచ్చి, 1934లో గోల్డ్ కోస్టులో, అంటే ఇప్పటి ఘానాలో, 'ఆఫ్రికన్ మార్నింగ్ పోస్ట్' సంపాదకత్వం తీసుకున్నాడు జిక్. 1936లో ఆ పత్రికలో ఆఫ్రికావాడికి దేవుడున్నాడా అని అడిగే వ్యాసం పడింది. రాసింది సియెర్రా లియోన్ నుంచి వచ్చిన వాలెస్ జాన్సన్. రాజద్రోహం అంటూ తెల్లదొరలు ఇద్దరినీ బోనెక్కించారు. తను రాయని వ్యాసానికి జిక్‌కి ఆరు నెలల జైలు, యాభై పౌన్ల జరిమానా పడ్డాయి. అప్పీలులో ఆ శిక్ష రద్దయింది. వేరేవాడి కలానికి తను జవాబు చెప్పుకోవడం ఆయనకు అక్కడే మొదలైంది. నీ పుస్తకమూ అక్కడే మొదలవ్వాలి.

తర్వాత నైజీరియాలోని లాగోస్. 1937 నవంబరు 22న 'వెస్ట్ ఆఫ్రికన్ పైలట్' వచ్చింది. "వెలుగు చూపండి, దారి జనమే వెతుక్కుంటారు" అన్న దాని నినాదం మీద నువ్వు రెండు పేజీలు రాశావు. ఒక పేరా చాలు. ఆ మిగిలిన జాగాలో నాకు కావలసింది వేరే: కాగితం ఎక్కడి నుంచి వచ్చేది, అప్పు ఎవరిచ్చారు, చందాలు వసూలయ్యేవా, ఏజెంట్లు డబ్బు కట్టేవారా? పోర్ట్ హార్‌కోర్ట్‌లో ఒకటి, ఒనిచాలో ఒకటి, వార్రిలో ఒకటి, ఇలా ఊరూరా పత్రికలు పెట్టుకుంటూ పోయాడాయన. మన జిల్లా ఎడిషన్లు చూసిన పాఠకుడికి ఆ ఎత్తుగడ ఇట్టే బోధపడుతుంది. కానీ ప్రతి ఊళ్లోనూ ఒక అచ్చుయంత్రం, ఒక జీతాల పట్టీ ఉంటాయి. దేశభక్తితో న్యూస్‌ప్రింట్ రాదమ్మా.

మనవాళ్లనే చూడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడి నుంచే 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు డబ్బు పత్రికకు వెన్నుదన్నుగా నిలిచింది. ప్రకాశం పంతులు గారికి అలాంటి సీసా లేదు. బారిస్టరుగా గడించింది 'స్వరాజ్య'లో పోశారు, పత్రికా నిలవలేదు, డబ్బూ మిగల్లేదు. జిక్ దారి ఈ రెండూ కాదు. ఆయన బ్యాంకు పెట్టాడు. పేరు ఆఫ్రికన్ కాంటినెంటల్ బ్యాంక్.

నీ రాతప్రతిలో ఆ బ్యాంకుకు రెండు వాక్యాలు ఇచ్చావు. చదివి కాస్త కోపం వచ్చింది, దాచను. పుస్తకానికి గుండెకాయ అదే. 1954లో ఆయన నైజీరియా తూర్పు ప్రాంతానికి ప్రీమియర్, అంటే ప్రాంతీయ ప్రభుత్వాధినేత, అయ్యాడు. ప్రాంతీయ ప్రభుత్వ సొమ్ము ఆయన బ్యాంకులోకి వెళ్లిందని 1956లో ఆరోపణ లేచింది. లేపింది శత్రువు కాదు, సొంత పార్టీకి విప్‌గా చేసినవాడే. లండన్ ప్రభుత్వం ఫోస్టర్ సటన్ అనే న్యాయమూర్తి అధ్యక్షతన విచారణ వేసింది. 1957 జనవరిలో వచ్చిన నివేదిక ఆయన నడవడిని తప్పుపట్టింది. తెల్లవాళ్ల బ్యాంకులు నల్లవాడికి అప్పు పుట్టనివ్వవు, ఆ గుత్తాధిపత్యాన్ని విరగ్గొట్టడానికే ఇదంతా అన్నాడాయన. బ్యాంకులో తన హక్కులు ప్రభుత్వానికి రాసిచ్చి, సభ రద్దు చేయించి, ఎన్నికలకు వెళ్లి గెలిచాడు.

ఇక్కడ నీ చెయ్యి వణకకూడదు. ఆయన వాదనలో నిజముంది. అప్పు కోసం పరాయి బ్యాంకు గుమ్మంలో నిలబడ్డ ఆఫ్రికా వర్తకుడెవడైనా ఆ మాటకు సాక్ష్యం చెబుతాడు. నివేదికలోనూ నిజముంది. రెంటికీ చోటివ్వు, గెలుపుతో నివేదికను తుడిచెయ్యకు. ఓట్లు పడ్డాయి కాబట్టి తప్పు లేనట్టే అని నువ్వు రాసిన వాక్యం కొట్టేశాను.

1945 అధ్యాయం బాగుంది గానీ ఒకచోట జారావు. సార్వత్రిక సమ్మె నడుస్తుండగా జులై 8న ప్రభుత్వం ఆయన పత్రికలు 'పైలట్'నూ 'డైలీ కామెట్'నూ మూయించింది, అది నిర్వివాదం. ఆ తర్వాత తనను చంపడానికి కుట్ర జరిగిందని జిక్ ప్రకటించి ఒనిచాకు వెళ్లి తలదాచుకున్నాడు. నువ్వు "ఆయనపై హత్యాయత్నం జరిగింది" అని రాసేశావు. "ఆయన ఆరోపించారు, ప్రభుత్వం కాదంది, ప్రత్యర్థులు నాటకమన్నారు" అని రాయాలి. మొదటి నెలలో ట్రైనీలకు చెప్పే పాఠమిది. నాయకుడే పత్రిక యజమాని అయినప్పుడు మరీ జాగ్రత్త, ఎందుకంటే నీకు దొరికే కత్తిరింపుల్లో సగం ఆయన ప్రెస్సులో అచ్చయినవే.

ఆయన పత్రికల్ని చదివేటప్పుడు ఏం వేశారో కాదు, ఏం తీసేశారో వెతుకు. నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకప్పుడు నేను పనిచేసిన చోట యజమాని ఎన్నికల్లో నిలబడ్డారు. ఆయన మాకు ఒక్క మాటా చెప్పలేదు. ఒక రాత్రి ప్రత్యర్థి సభ కాపీ నా ముందుకొచ్చింది. జనం బాగా వచ్చారని విలేకరి రాశాడు. ఆ వాక్యం తీసేసి సింగిల్ కాలమ్‌కు కుదించి లోపలి పేజీకి పంపాను. ఎవరూ అడగలేదు, నేనే ఊహించుకుని చేశాను. మర్నాడు ఎవరూ మెచ్చుకోలేదు కూడా. లాగోస్ డెస్కుల్లోనూ నాలాంటివాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల జ్ఞాపకాలు ఎక్కడన్నా అచ్చయ్యాయేమో చూడు.

జిక్ పేరు పెట్టుకున్న కుర్రాళ్ల సంగతి, 'జికిస్ట్' ఉద్యమం, ఇంకాస్త పెంచు. 1946లో పుట్టి 1950లో నిషేధానికి గురైంది. వాళ్లు విప్లవమని జైళ్లకెళితే ఆయన దూరం జరిగాడు. అభిమానులకు నచ్చదు, అయినా రాయి.

1960లో గవర్నర్ జనరల్, 1963లో తొలి అధ్యక్షుడు, 1966 జనవరిలో సైనిక తిరుగుబాటుతో పదవి పోవడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే, త్వరగా దాటిపో. బయాఫ్రా దగ్గర, అంటే 1967లో తూర్పు ప్రాంతం నైజీరియా నుంచి విడిపోయి యుద్ధానికి దిగిన చోట, మాత్రం ఆగు. మొదట ఆ పక్షాన నిలిచి, 1969లో సమైక్య నైజీరియా వైపు తిరిగాడు. ఆయన జాతివాళ్లు ఇగ్బోల ఇళ్లల్లో ఆ మలుపు గురించి ఇప్పటికీ ఒక్క మాట మీద ఉండరు. 1970లో వచ్చిన ఆత్మకథను తేదీలకు వాడుకో, తీర్పులకు వాడుకోకు.

చివరగా ఆయన మరణం తేదీ. 1996 మే 11 అని సరిగ్గానే రాశావు. కానీ 1989 నవంబరులో నైజీరియా పత్రికలు ఆయన పోయారని అచ్చేశాయి, మనిషి ఇంట్లో నిక్షేపంగా ఉండగానే! అప్పటికి యాభై అయిదేళ్ల కిందటే సంపాదకుడైనవాడికి ఆ కాపీ చదివితే ఎలా అనిపించి ఉంటుంది? మొదట ఎర్రపెన్ను కోసమే చూసి ఉంటాడని నా అనుమానం. నువ్వు ఆ సంగతే ఎత్తలేదు. ఆ రోజు పేజీ దొరికితే నాకో ఫొటో పంపు, శీర్షిక ఎన్ని కాలమ్‌లకు పెట్టారో చూడాలి.

మీ అత్తయ్య అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మావయ్య