ఎయిర్ కూల్డ్ పోర్షే 911 అంటే జనానికి అంత ఇష్టం ఎందుకు?

"కొత్త 911లు అన్ని విధాలా మెరుగ్గా ఉన్నాయి కదా, 1998కి ముందున్న ఎయిర్ కూల్డ్ (ఇంజిన్‌ను నీటితో కాక గాలితో చల్లబరిచే) వాటి వెంట జనం ఎందుకు పడుతున్నారు?" అని అడిగారు. నేను జర్మనీలో, పోర్షే కంపెనీ ఉన్న స్టుట్‌గార్ట్ దగ్గర పనిచేస్తున్నాను. మా ఆఫీసులో ఒకాయన దగ్గర 1986 నాటి 911 ఉంది, కరెరా 3.2 అనే మోడల్. దాని సర్వీసులో ఆయనకు సాయం చేస్తూ, అప్పుడప్పుడు నడుపుతూ తెలుసుకున్నది చెబుతాను.

వేగం సంగతి మీరన్నట్టే. కానీ ఈ కారులో వినిపించే ప్రతి చప్పుడుకూ, చేతికి తెలిసే ప్రతి కదలికకూ కారణం ఏ భాగమో వేలుపెట్టి చూపించొచ్చు. నాకైతే దాని గొప్పతనం అంతా అందులోనే ఉంది.

ఇంజిన్‌లో ఆరు సిలిండర్లు, అటు మూడు ఇటు మూడు పడుకుని ఉంటాయి. రేడియేటర్ లేదు. మన బైకుల్లో లాగే సిలిండర్ల చుట్టూ రెక్కలుంటాయి. అయితే బైకుకు ఎదురుగాలి తగులుతుంది, ఈ ఇంజిన్ కారు వెనక మూత కింద ఉంటుంది. అందుకే పెద్ద ఫ్యాన్ పెట్టారు. మూత ఎత్తగానే మొదట కళ్లబడేది అదే. దాని నడిబొడ్డులోనే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, రెండింటికీ కలిపి ఒకటే బెల్ట్. దారిలో బ్యాటరీ లైటు వెలిగితే ఇంటిదాకా పోదాంలే అనుకోకూడదు. వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలి. బెల్ట్ తెగి ఉంటే ఛార్జింగ్‌తో పాటు ఫ్యాన్ కూడా ఆగిపోయినట్టే.

పేరు గాలిదే అయినా పనిలో పెద్ద వాటా ఆయిల్‌ది. ఇది డ్రై సంప్ ఇంజిన్. ఆయిల్ అడుగున నిలవదు, పంపు దాన్ని లాగి విడిగా ఉన్న ట్యాంకులోకి పంపుతుంది. వేడెక్కాక థర్మోస్టాట్ తెరుచుకుంటే అది కుడివైపు ముందు చక్రం దగ్గరున్న కూలర్ దాకా వెళ్లి చల్లబడి వస్తుంది. మొత్తం పది లీటర్లకు పైనే పడుతుంది. లెవెల్ చూసే పద్ధతీ వేరే: కారు సమతలం మీద ఉండాలి, ఇంజిన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో తిరుగుతూ ఉండాలి, అప్పుడే డిప్‌స్టిక్ తీయాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ చూపిస్తుంది. అది నమ్మి పోస్తే ఎక్కువైన ఆయిల్ గాలి తీసుకునే దారిలోకి పోయి పొగ కక్కుతుంది.

సిలిండర్ల చుట్టూ నీటి పొర లేదు కాబట్టి లోపలి చప్పుడు మెత్తబడకుండా బయటికొస్తుంది. దాని మీద ఫ్యాన్ హోరు. రెండూ కలిసిన ఆ శబ్దం నాకు ఎంత విన్నా తనివి తీరదు.

ఇక నడపడం. ఇంజిన్ బరువంతా వెనక ఇరుసుకు కూడా వెనకే ఉంటుంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువు ముందుకు మళ్లి వెనక భాగం బయటికి జారుతుంది. అందుకని మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, లోపల కాలు స్థిరంగా ఉంచాలి. అలా చేస్తే అదే బరువు వెనక చక్రాలను రోడ్డుకు అదిమిపట్టి కారును మలుపులోంచి ముందుకు విసురుగా తోస్తుంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటిసారి చూపించినప్పటి నుంచీ ఉన్న గుణమిది. ఈ గుణాన్ని అదుపు చేయడానికి 1969 మోడల్‌లో వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు, ఇంజిన్ మాత్రం ఉన్నచోటే ఉంది. 3.2లో పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి గానీ, కదిలాక రోడ్డు మీది గరుకు కూడా చేతికి తెలుస్తుంది.

మరి గాలితో చల్లబరచడం ఎందుకు మానేశారంటారా? చప్పుడు, పొగ నిబంధనలు బిగుసుకున్నాయి. సిలిండర్‌కు నాలుగు వాల్వులు పెడితే వాటిని మోసే పైభాగాన్ని, అంటే హెడ్‌ను, గాలితో చల్లబరచడం చాలా కష్టం. 1986లో వచ్చిన పోర్షే 959 కారులోనే హెడ్‌లకు నీళ్లు, సిలిండర్లకు గాలి వాడారు. 1998లో 993 అనే తరంతో గాలి ఇంజిన్ 911ల తయారీ ఆగింది.

ఎవరైనా నడపమని తాళం ఇస్తే 3.2లలో 1987 నుంచి 89 మధ్యది మేలు. వాటిలో జి50 గేర్‌బాక్స్ తేలిగ్గా పడుతుంది. మా ఆఫీసాయన కారులో ఉన్నది పాత 915 గేర్‌బాక్స్. అలాంటిదైతే ఆయిల్ వేడెక్కేదాకా రెండో గేరును తొందరపెట్టకండి.