తమ్ముణ్ణి కొట్టారు, ఎవరిని అడగాలి?

ప్రశ్న: మేడమ్, మా వీధిలో జరిగిన దొంగతనం గురించి అడగాలని మా తమ్ముణ్ణి స్టేషన్‌కి పిలిచారు. రెండు రాత్రులు అక్కడే ఉంచారు. అరెస్టు చూపించలేదు, కాగితమూ ఇవ్వలేదు. నిన్న ఒంటినిండా దెబ్బలతో ఇంటికొచ్చాడు. ‘పోలీసులతో పెట్టుకోకండి’ అంటున్నారు అందరూ. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రాలు చట్టాలు చేయాలని ఎక్కడో చదివాను. అవి వస్తే మాలాంటివాళ్లకు ఒరిగేదేమైనా ఉందా?
– ఒక అక్క

జవాబు: ఉందమ్మా. కానీ ముందు మీ తమ్ముడి సంగతి, చట్టం మాట తర్వాత.

ఇవాళే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. దెబ్బలు ఎక్కడ, ఎలా తగిలాయో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పి రికార్డులో రాయించండి. భయపడి ‘జారిపడ్డాను’ అన్నాడంటే ఆ ఒక్కమాటే రేపు కోర్టులో మీకు అడ్డొస్తుంది.

రెండోది సీసీ కెమెరా. ప్రతి పోలీస్ స్టేషన్‌లో గేటు, లాకప్, వరండాలతో సహా మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫుటేజీ 18 నెలలు ఉంచాలి, ఆ సదుపాయం లేకపోతే కనీసం ఏడాది. అంత గడువుంది కదా అని లాయరుగా నేనొకసారి ఒక కుర్రాడి కేసులో నిదానించాను. మూడు నెలల తర్వాత అడిగితే, ఆ రోజుల్లో కెమెరా రిపేర్‌లో ఉందని జవాబొచ్చింది. ఆ కుర్రాడి తల్లికి ఏం చెప్పాలో తెలియక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అప్పటినుంచి క్లయింటు నా ముందు కూర్చున్న రోజే, ఫలానా తేదీల ఫుటేజీ చెరిపేయొద్దని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపిస్తున్నాను. మీరూ పంపండి. మానవ హక్కుల కమిషన్‌కి కూడా రాయండి, ఆ ఫుటేజీని తెప్పించే అధికారం దానికి ఉంది. ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేరాలి.

అరెస్టు చేస్తే 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోనే ఉంది. అరెస్టే చూపించకుండా రెండు రాత్రులు ఉంచారంటే అది ఇంకా పెద్ద తప్పు. మీ ఫిర్యాదులో మొదటి వాక్యం అదే కావాలి.

ఇక చట్టం. పోలీసు వ్యవస్థ రాష్ట్రాల చేతిలోని అంశం. దాన్ని సంస్కరించాలని కోర్టుకెళ్లిన ప్రకాశ్ సింగ్ స్వయంగా మాజీ డీజీపీ. ఆయన కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో, రాష్ట్ర స్థాయిలో పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. డీఎస్పీ స్థాయి వరకు ఉన్నవారి మీద ఫిర్యాదులు జిల్లా అథారిటీకి, ఎస్పీ, ఆపై వారి మీదైతే రాష్ట్ర అథారిటీకి వెళ్లాలి. రెండింటికీ రిటైర్డ్ జడ్జీలే అధ్యక్షులు. కస్టడీలో చావు, తీవ్ర గాయాలు, అత్యాచారం వంటివి అవి విచారిస్తాయి. భూకబ్జా, బలవంతపు వసూళ్ల వంటి అధికార దుర్వినియోగం కూడా జిల్లా అథారిటీ పరిధిలోదే. అథారిటీ చర్య తీసుకోమంటే పైవాళ్లు తీసుకోవాల్సిందే.

రాష్ట్రాలు సొంత చట్టం చేసుకునేదాకా ఈ ఆదేశాలు నడవాలన్నది కోర్టు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కొన్ని రాష్ట్రాలు చట్టమైతే చేశాయి గానీ, ‘చేయాల్సిందే’ అన్నదాన్ని ‘సిఫార్సు’గా మార్చేశాయి. సిఫార్సును ఫైల్లో పెట్టి మర్చిపోవచ్చు. కొన్నిచోట్ల జీవోతో సరిపెట్టారు. జీవోతో వచ్చింది ఇంకో జీవోతో పోతుంది. అందుకే చట్టమే కావాలంటాను, అందులోనూ అథారిటీకి సొంత దర్యాప్తు సిబ్బంది ఉండాలంటాను. మీ ఫిర్యాదు మీద విచారణను తిప్పితిప్పి అదే స్టేషన్ పైఅధికారికే అప్పగిస్తే మీ తమ్ముడు అక్కడికెళ్లి నోరు విప్పగలడా?

మీ జిల్లాలో అథారిటీ పనిచేస్తోందేమో కలెక్టరేట్‌లో కనుక్కోండి, ఉంటే అక్కడా ఫిర్యాదు ఇవ్వండి. తమ్ముడు ఏ రోజు ఎన్నింటికి లోపలికెళ్లాడు, ఎవరు పిలిచారు, చొక్కామీద ఏ పేరుంది, ఎవరు అన్నం తెచ్చారు, ఇవన్నీ ఈ రాత్రికే అతని పక్కన కూర్చుని రాయించండి.