ఉత్తర కొరియా గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. శైలికి వంక పెట్టను, చదివిస్తుంది. కానీ ‘అమెరికా, దక్షిణ కొరియా, జపాన్ ఒక్కటై నిలబడితే కిమ్ జోంగ్ ఉన్ వెనక్కి తగ్గక తప్పదు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. దేని నుంచి వెనక్కి తగ్గాలి? ఉన్న అణ్వస్త్రాలు వదిలేయాలా? వాటిని వాడకుండా ఉండాలా? సరిహద్దు దీవుల మీద ఫిరంగులు పేల్చడం మానాలా? ఇవి మూడు వేర్వేరు పనులు. మొదటిది ఒప్పించి చేయించాల్సింది, తర్వాతి రెండూ జరగకుండా ఆపాల్సినవి. ఎవరినైనా ఒక పని చేయకుండా ఆపడం కంటే, చేతిలో ఉన్నది వదిలించడం చాలా కష్టం.

కొరియా చరిత్రే చూడు. 1953 జులై 27న కాల్పుల విరమణ కుదిరాక అక్కడ మళ్లీ పూర్తిస్థాయి యుద్ధం రాలేదు. ఆ లెక్కన కూటమి నెగ్గింది. 2006 నుంచి 2017 దాకా ఉత్తర కొరియా ఆరు అణు పరీక్షలు చేసింది. ఆ లెక్కన ఓడింది. 2010 మార్చిలో దక్షిణ కొరియా యుద్ధనౌక చియోనాన్ మునిగి 46 మంది నావికులు చనిపోయారు. అదే ఏడాది నవంబరులో దక్షిణ కొరియాకు చెందిన యోన్‌ప్యోంగ్ దీవి మీద ఉత్తర కొరియా గుళ్ల వర్షం కురిసి నలుగురు పోయారు. పెద్ద యుద్ధాన్ని ఆపిన గోడ చిన్న దెబ్బలను ఆపలేకపోయింది. నీ వ్యాసం వీటిలో దేని గురించో మొదటి పేరాలోనే తేల్చెయ్యి. తేల్చకపోతే పాఠకుడికి కూటమి గెలుస్తున్నదో ఓడుతున్నదో చివరిదాకా అర్థం కాదు.

ఇక ఒప్పందం సంగతి. ‘దక్షిణ కొరియా మీద దాడి జరిగితే అమెరికా యుద్ధానికి దిగి తీరాలి’ అని రాశావు. 1953 అక్టోబరు 1న సంతకమైన పరస్పర రక్షణ ఒప్పందంలో అలా లేదు. మూడో అధికరణం చెప్పేది ఇంతే: ఒక పక్షం మీద సాయుధ దాడి జరిగితే రెండో పక్షం దాన్ని తన భద్రతకూ ప్రమాదంగా గుర్తించి, తన రాజ్యాంగ ప్రక్రియల ప్రకారం స్పందిస్తుంది. ఎప్పుడు, ఎంత బలంతో అన్నది అందులో లేదు, అణ్వస్త్రాల మాటే లేదు. నాటో ఐదో అధికరణం కూడా ప్రతి సభ్యదేశం ‘తనకు అవసరమని తోచిన చర్య’ తీసుకోవాలనే అంటుంది. కాగితం మీద ఇంత సందు ఉంది కాబట్టే దాన్ని పూడ్చడానికి మనుషుల్ని పెట్టారు. దక్షిణ కొరియాలో ఉన్న సుమారు 28,500 మంది అమెరికా సైనికులు ఒంటరిగా యుద్ధం గెలిచేంత బలగం కాదు. కానీ దాడి మొదలైతే అమెరికన్లు కూడా చనిపోతారు. అప్పుడు ‘మనకెందుకు’ అనే అవకాశం వాషింగ్టన్‌లో ఏ అధ్యక్షుడికీ ఉండదు. వాళ్ల అసలు విలువ అది.

చెప్పే మాటలో ఒక పేరు తప్పిపోతే ఏమవుతుందో చెప్పడానికి 1950 జనవరి 12ను వాడుకో. ఆ రోజు అమెరికా విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ పసిఫిక్‌లో తమ రక్షణ రేఖ ఎక్కడెక్కడి నుంచి వెళ్తుందో ప్రసంగంలో చెబుతూ జపాన్, ఫిలిప్పీన్స్‌లను లోపల ఉంచాడు. కొరియా ఆ రేఖ బయట ఉండిపోయింది. జూన్ 25న ఉత్తర సేనలు దక్షిణానికి దిగాయి. ఆ ప్రసంగమే యుద్ధానికి కారణమని మాత్రం రాయకు, చరిత్రకారులు ఒప్పుకోరు. స్టాలిన్, మావోల అనుమతి లేకుండా అప్పటి ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సుంగ్ కదల్లేదు.

నీ వ్యాసంలో పెద్ద లోటు మరొకటి ఉంది. ‘ఈ పని చేస్తే నీకిది తప్పదు’ అన్నది హెచ్చరికలో సగమే. ‘చేయకపోతే నీ జోలికి రాం’ అన్నది మిగతా సగం. ఈ రెండో సగాన్ని శత్రువు నమ్మకపోతే మొదటి సగం పనిచేయదు. చేసినా చావే, చేయకపోయినా చావే అనిపిస్తే ముందే కొట్టడం వాడికి తెలివైన పని అవుతుంది. నువ్వు నాలుగు పేరాలు బాంబర్లకూ విన్యాసాలకూ ఇచ్చి, ఈ రెండో సగానికి ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు.

కిమ్‌ను, అతని చుట్టూ ఉన్న నాయకత్వాన్ని మొదటి గంటల్లోనే తుడిచిపెట్టాలన్న దక్షిణ కొరియా ప్రణాళికను మెచ్చుకున్న చోట ఈ లోటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2022 సెప్టెంబరులో ఉత్తర కొరియా అణుబలగాల మీద ఒక చట్టం చేసింది. అణ్వస్త్రాలను నడిపే ఆజ్ఞా వ్యవస్థకు శత్రుదాడి వల్ల ముప్పు వస్తే అణుదాడి తక్షణం, దానంతట అదే జరిగిపోవాలని అందులో రాసుకున్నారు. అంటే తల మీద గురిపెట్టామని సియోల్ ఎంత గట్టిగా చెబితే, ప్యాంగ్యాంగ్ వేలు మీట మీద అంత బిగుస్తుంది. సంక్షోభంలో ఒక తప్పుడు రాడార్ సంకేతం చాలు. ఆ ప్రణాళికను తప్పుపట్టమని నేననను, దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. దాని ఖరీదు కూడా రాయమంటున్నాను.

ఇప్పుడు మిత్రుడి సంగతి. మిత్రదేశాన్ని తన అణ్వస్త్రాలతో కాపాడతానన్న అమెరికా హామీని అణు గొడుగు అంటారు. అది శత్రువుకు చెప్పే మాట అని అందరూ అనుకుంటారు, కానీ దాన్ని నమ్మించడం కష్టమయ్యేది గొడుగు కింద ఉన్నవాడికే. రష్యాను ఆపడానికి అమెరికా మాట మీద ఐదు శాతం నమ్మకం చాలు, యూరప్‌ను కుదుటపరచడానికి తొంభై ఐదు శాతం కావాలని బ్రిటన్ రక్షణ మంత్రిగా పనిచేసిన డెనిస్ హీలీ లెక్క. కొరియాలో ఈ లెక్క 1971లోనే కనబడింది. నిక్సన్ ప్రభుత్వం ఏడో పదాతి డివిజన్‌ను వెనక్కి పిలిపించింది, సుమారు 20,000 మంది వెళ్లిపోయారు. ఆ దశాబ్దంలోనే దక్షిణ కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం రహస్యంగా సొంత బాంబు వెంట పడింది. అమెరికా ఒత్తిడి తెచ్చాక గానీ ఆగలేదు. 2022లో షికాగో కౌన్సిల్ సర్వేలో సొంత అణ్వస్త్రాలు కావాలన్న దక్షిణ కొరియన్లు 71 శాతం. ఆ మరుసటి ఏడాది, 2023 ఏప్రిల్ 26న వాషింగ్టన్ ప్రకటన ఎందుకొచ్చిందో ఈ అంకె పక్కన పెట్టి చదివితే తెలుస్తుంది. అణు సంప్రదింపుల బృందం పెట్టి, అణు ప్రణాళికలో సియోల్ మాట వింటామని అమెరికా ఒప్పుకుంది. బదులుగా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందానికి కట్టుబడి ఉంటామని సియోల్ మళ్లీ చెప్పింది. మీట మాత్రం అమెరికా అధ్యక్షుడి చేతిలోనే ఉండిపోయింది.

ఆ జులైలో కెంటకీ అనే అమెరికా అణు క్షిపణుల జలాంతర్గామి దక్షిణ కొరియాలోని బూసాన్ రేవుకు వచ్చింది. 1981 తర్వాత అలాంటిది అక్కడికి రావడం అదే మొదలు. నువ్వు దాన్ని ‘ఉత్తర కొరియా గుండెల్లో గుబులు’ అని రాశావు. ఆ జలాంతర్గామి బలమంతా ఎక్కడుందో తెలియకపోవడంలోనే ఉంది. దాని క్షిపణులు సముద్రంలో వేల కిలోమీటర్ల దూరం నుంచే ప్యాంగ్యాంగ్‌ను అందుకోగలవు. రేవులో అందరికీ కనబడేలా కట్టేయడం వల్ల యుద్ధపరంగా ఒరిగేదేమీ లేదు. అది వచ్చింది సియోల్ ప్రజలు చూడటానికి. మర్నాడు అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ స్వయంగా దాన్ని చూడటానికి వెళ్లాడు. ప్రతి సైనిక ప్రదర్శన దగ్గరా ‘ఇది ఎవరు చూడాలని’ అని అడుగు. సగం సందర్భాల్లో జవాబు శత్రువు కాదు.

దౌత్యం గురించి ‘చర్చలు విఫలమయ్యాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎక్కడ తెగిందో చూపకపోతే ఆ మాటకు బరువు లేదు. 1994 అక్టోబరు 21న జెనీవాలో అమెరికాకూ ఉత్తర కొరియాకూ కుదిరిన ఒడంబడిక చూడు. ఉత్తర కొరియా తన అణు కేంద్రమైన యోంగ్‌బ్యోన్‌లోని 5 మెగావాట్ల రియాక్టర్‌నూ, కడుతున్న మరో రెండింటినీ ఆపాలి, వాడిన ఇంధన కడ్డీలను సీలు వేయాలి. బదులుగా 2003 నాటికి మొత్తం 2,000 మెగావాట్ల రెండు తేలికజల (మామూలు నీటితో నడిచే) రియాక్టర్లు, అవి వచ్చేదాకా ఏడాదికి 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్. సంతకాలైన కొద్ది వారాలకే అమెరికా కాంగ్రెస్ ప్రతిపక్షం చేతికి వెళ్లింది. నిధులు నత్తనడకన వచ్చాయి, నూనె ఆలస్యమైంది, రియాక్టర్‌కు మొదటి కాంక్రీటు పడేసరికే 2002 ఆగస్టు వచ్చింది. ఆ పక్కన ఉత్తర కొరియా బాంబుకు మరో దారి పట్టింది, అది యురేనియం శుద్ధి. 2002 అక్టోబరులో అది బయటపడింది, నవంబరులో నూనె ఆపారు, డిసెంబరులో తనిఖీదారులను వెళ్లగొట్టారు, జనవరిలో ఉత్తర కొరియా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి బయటికొచ్చింది. ఇంత జరిగినా ఆ ఎనిమిదేళ్లూ యోంగ్‌బ్యోన్‌లో బాంబుకు పనికొచ్చే కొత్త ప్లుటోనియం తయారు కాలేదు. దీన్ని ఒట్టి వైఫల్యమనడం అన్యాయం.

దానికంటే చిత్రమైనది 2005 నాటి కథ. సెప్టెంబరు 19న బీజింగ్‌లో రెండు కొరియాలు, అమెరికా, చైనా, జపాన్, రష్యా, ఈ ఆరు దేశాలూ ఉమ్మడి ప్రకటన చేశాయి. అందులో అణ్వస్త్రాలన్నీ వదిలేస్తామని ఉత్తర కొరియా ఒప్పుకుంది. నాలుగు రోజుల ముందే అమెరికా ఖజానా శాఖ మకావ్‌లోని బ్యాంకో డెల్టా ఏషియా అనే బ్యాంకు మీద, నల్లధనాన్ని తెల్లగా మారుస్తోందన్న అనుమానపు ముద్ర వేసింది. అక్కడున్న ఉత్తర కొరియా డబ్బు సుమారు రెండున్నర కోట్ల డాలర్లు స్తంభించింది. ఒక శాఖ చర్చిస్తోంది, ఇంకో శాఖ బిగిస్తోంది. ఉత్తర కొరియా చర్చలు మానేసి 2006 అక్టోబరు 9న మొదటి అణు పరీక్ష చేసింది. 2007 ఫిబ్రవరిలో మళ్లీ రాజీ కుదిరి డబ్బు వదిలేస్తామన్నాక అసలు చిక్కు మొదలైంది. ముద్ర పడిన డబ్బును ముట్టుకోవడానికి ఏ బ్యాంకూ ముందుకు రాలేదు, బ్యాంక్ ఆఫ్ చైనా కూడా వద్దంది. చివరకు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ మీదుగా, రష్యా కేంద్ర బ్యాంకు మీదుగా, రష్యా తూర్పు కొసనున్న ఒక చిన్న బ్యాంకు చేరేసరికి జూన్ వచ్చింది. జులైలో గానీ యోంగ్‌బ్యోన్ మూతపడలేదు. ఆంక్ష వేయడం ఒక్క సంతకంతో అయిపోతుంది, తీయడం అలా కాదు. తీయలేని ఆంక్షతో బేరం కుదరదు. ఈ ఒక్క ఉదంతం నీ వ్యాసంలో పెడితే ఆంక్షల మీద నువ్వు రాసిన రెండు పేజీలు తీసేయొచ్చు.

2012 ఫిబ్రవరి 29 నాటి రాజీ మాటల దగ్గరే చెడింది. 2,40,000 టన్నుల పోషకాహారం ఇస్తామని అమెరికా, దూరశ్రేణి క్షిపణులు ప్రయోగించబోమని ఉత్తర కొరియా అన్నాయి. కానీ ఇద్దరూ సంతకం చేసిన ఒకే కాగితం లేదు. ఎవరి ప్రకటన వాళ్లు విడుదల చేసుకున్నారు. ఉపగ్రహ ప్రయోగం క్షిపణి కింద లెక్కకొస్తుందా అన్నది రెండింటిలోనూ లేదు. పక్షం రోజులు దాటగానే ఉపగ్రహం పంపుతామని ప్యాంగ్యాంగ్ ప్రకటించింది, ఏప్రిల్ 13న ప్రయోగించింది. రాకెట్ కూలిపోయింది, దాంతోపాటు రాజీ కూడా. విచిత్రమేమంటే ‘బాలిస్టిక్ క్షిపణి సాంకేతికత వాడే ఏ ప్రయోగమైనా’ అన్న మాట భద్రతా మండలి 2009 నాటి 1874వ తీర్మానంలో అప్పటికే ఉంది.

వార్తలు వాడుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ప్యాంగ్యాంగ్ బెదిరింపులన్నీ ఒక్క బరువువి కావు. ప్రభుత్వం పేరుతో వచ్చే ప్రకటన వేరు, విదేశాంగ ప్రతినిధి మాట వేరు, కిమ్ చెల్లెలు కిమ్ యో జోంగ్ తన పేరుతో విసిరే తిట్లు వేరు. బయటి ప్రపంచానికి వినిపించే ప్రభుత్వ వార్తాసంస్థ కేసీఎన్ఏలో మాత్రమే వచ్చి, సొంత జనం చదివే పత్రిక రొడొంగ్ సిన్మున్‌లో రాకపోతే, వెనక్కి తగ్గడానికి చోటు ఉంచుకున్నారని అర్థం చేసుకోవచ్చు. వార్‌హెడ్ల సంఖ్య రాసేటప్పుడు ‘అంచనా’ అన్న మాట వదలకు. సుమారు 50 అని 2024లో స్టాక్‌హోంలోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి చెప్పింది, ఎవరూ లెక్కపెట్టి చూడలేదు.

ఫోన్ల గురించి ఒక పేరా చేర్చు. 2020 జూన్‌లో రెండు కొరియాలు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న కేసాంగ్ అనుసంధాన కార్యాలయాన్ని ఉత్తర కొరియా పేల్చేసింది. 2023 ఏప్రిల్ నుంచి దక్షిణ కొరియా చేసే రోజువారీ ఫోన్లకు జవాబివ్వడం ఉత్తర కొరియా మానేసింది. సరిహద్దులోని పన్మున్‌జోమ్‌లో, అమెరికా నడిపే ఐరాస కమాండ్ బల్ల మీద నుంచి ఉత్తర కొరియా సైన్యానికి కలిపే గులాబీ రంగు ఫోను మాత్రం ఆ ఏడాది కూడా పనిచేసింది. దాని గొప్పేమీ లేదు, లైను బతికుందో లేదో చూసుకోవడమే రోజూ దాని పని. కానీ పొరపాటున గుండు పేలిన రోజున ‘అది దాడి కాదు’ అని చెప్పడానికి అలాంటిది ఒకటి ఉండాలి.

రష్యా అధ్యాయం కొత్తది కాబట్టి తొందరపడి తీర్పు ఇవ్వకు. ఆంక్షలను గమనించే ఐరాస నిపుణుల బృందం గడువు పొడిగింపును 2024 మార్చిలో రష్యా వీటో చేసింది, జూన్ 19న ప్యాంగ్యాంగ్‌తో రక్షణ ఒప్పందం చేసుకుంది. చైనాతో 1961 నాటి ఒప్పందం ఎలాగూ ఉంది. అంటే ఇప్పుడు అవతలి వైపూ ఒక కూటమి ఉంది. నీ వ్యాసంలో ఉత్తర కొరియా ఒంటరి, అది సరిచేయాలి.

హనోయ్ పేరా మాత్రం మళ్లీ మొదటినుంచీ రాయి. 2019 ఫిబ్రవరిలో అక్కడ కిమ్‌తో జరిగిన శిఖరాగ్ర చర్చల నుంచి ట్రంప్ లేచి వెళ్లిపోయాడని మాత్రమే రాశావు. యోంగ్‌బ్యోన్ ఇస్తాం, భద్రతా మండలి 11 తీర్మానాల్లో 2016, 2017 నాటి ఐదింటి ఆంక్షలు తీయండన్నది తమ కోరిక అని ఉత్తర కొరియా విదేశాంగ మంత్రి ఆ రాత్రే విలేకరులకు చెప్పాడు. వాణిజ్యాన్ని నిజంగా పిండేసేవి ఆ ఐదే. అవతల యోంగ్‌బ్యోన్ బయట ఉన్న యురేనియం శుద్ధి సంగతి అమెరికా అడిగింది. రెండు వైపుల కోరికలూ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఎంత తేడా వచ్చిందో చూపించి పంపు. మిగతాది అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య