పాత గ్లాక్ 19 కొన్నాక ముందు ఏం చూడాలి?

టెక్సస్‌లో సెకండ్‌హ్యాండ్ గ్లాక్ 19 పిస్టల్ కొన్నానన్నారు, కాల్చే ముందు ఏం చూడాలని అడిగారు. మొదట మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీసి, స్లైడ్ (పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) వెనక్కి లాగి పట్టుకుని, ఛాంబర్‌లో (కాల్చేముందు తూటా కూర్చునే చోట) తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. ఇంత పట్టింపెందుకంటే, గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే; ప్రమాదాలు జరిగేది అక్కడే. విప్పాక బ్యారెల్లోకి, అంటే తూటా బయటికి వెళ్లే గొట్టంలోకి, టార్చి వేయండి. మసి తుడిస్తే పోతుంది. లోపల ఉంగరంలా నల్లటి గీత కనిపిస్తే మాత్రం బ్యారెల్ ఉబ్బి ఉండొచ్చు, గన్‌స్మిత్‌ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చూసేదాకా కాల్చొద్దు. రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని తిరిగి ముందుకు నెట్టేది) ఎంత వాడారో తెలియదు కాబట్టి కొత్తది వేయించేయడమే మేలు, పెద్ద ఖర్చేం కాదు. నూనె చుక్కల్లోనే, అదీ స్లైడ్ పట్టాల మీద. ఫైరింగ్ పిన్ (తూటాను వెనక నుంచి కొట్టి పేల్చే సూది) ఉండే గొట్టంలో అసలు వద్దు. అక్కడి నూనెకు మసి పట్టి జిగురైతే పిన్ గట్టిగా కొట్టలేక తూటా పేలకపోవచ్చు.