ముత్తాత సర్వీసు కాగితాలు వెతికే ముందు

చి. సౌ. చిన్నమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారనీ, 1946లో ఇంటికొచ్చేశారనీ, ఆయన తమ్ముడు మాత్రం తిరిగి రాలేదనీ రాశావు. ఇద్దరి కాగితాలూ ఎక్కడ దొరుకుతాయని అడిగావు. పేర్లు రాశావు, ఊరు రాశావు, బాగానే ఉంది. కానీ సైన్యం రికార్డు ఆఫీసులో గుమాస్తాగా సర్వీసంతా గడిపినవాణ్ణి కనుక ముందు నేనడిగేది ఒక్కటే. నంబరేదీ?

సైన్యంలో సిపాయి కాగితం పేరు మీద నడవదు, నంబరు మీద నడుస్తుంది. కంపెనీ అనే ఒక్కో దళంలో నలుగురు అప్పారావులు, ముగ్గురు సత్యనారాయణలు ఉంటారు. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమైపోతుంది, మరోదాంట్లో అసలుండదు. భర్తీ రోజున రాసుకున్న గుమాస్తాకు ఎలా వినబడితే అలా ఇంగ్లీషులోకి ఎక్కిన పేరు అది. నంబరు, రెజిమెంటు లేకుండా ఉత్తరం రాస్తే ఏ రికార్డు ఆఫీసువాళ్ళైనా చేతులెత్తేస్తారు. వాళ్ళను తప్పు పట్టలేం. ఆ యుద్ధంలో మన సైన్యం పాతిక లక్షలు.

సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులో నంబరు ఉంటుంది. అది చెదపురుగుల పాలైందని రాశావు కదా, అయితే మెడల్స్ చూడు. ఆరు కోణాల పసుపుపచ్చటి లోహపు నక్షత్రాలు ఉన్నాయేమో చూసి, వెనక్కి తిప్పు. ఆ యుద్ధం తాలూకు స్టార్లను బ్రిటిష్ సిపాయిలకు పేరు లేకుండానే ఇచ్చారు. మనవాళ్ళకిచ్చిన వాటి వెనక మాత్రం నంబరు, హోదా, పేరు, యూనిట్ సన్నటి అక్షరాలతో అచ్చుగుద్ది ఉంటాయి. గుండ్రటి వార్ మెడల్ అయితే అంచు మీద చూడాలి. దయచేసి చింతపండు పెట్టి తోమకు. మీ అమ్మమ్మ తరం ఏటా తోమి తోమి చాలా ఇళ్ళలో ఆ అక్షరాలను సగం అరగదీశారు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, సాయంత్రం కిటికీ దగ్గర పక్క వెలుతురులో పెట్టి ఫోటో తియ్యి. ఎదురుగా కనబడని అంకెలు ఏటవాలు వెలుతురులో తేలుతాయి.

మెడల్స్ కూడా లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళు. ఆయనగానీ మీ ముత్తవ్వగానీ మాజీ సైనికుల సాయం ఎప్పుడైనా తీసుకుని ఉంటే అక్కడి రిజిస్టర్లో నంబరు దొరుకుతుంది.

ఇక రెజిమెంటు. "హైదరాబాద్ రెజిమెంటు అని విన్నాం" అన్నావు. ఇక్కడ చాలామంది దారి తప్పుతారు, జాగ్రత్త. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంటులో ఉన్నది ఎక్కువగా కుమావూనీలు, అహీర్లు. దానికి 1945లో కుమావూన్ రెజిమెంట్ అని పేరు మార్చారు, కేంద్రం రాణీఖేత్‌లో ఉంది. నిజాం గారి సొంత సైన్యం వేరు. దాని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోట బారు విమానాశ్రయం దగ్గర ఉంది. మీ ముత్తాతది గోదావరి జిల్లా. తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం సైనికుల ఊరుగా ఎంత పేరు పడ్డదో నీకు తెలుసు కదా, ఆ చుట్టుపక్కల నుంచి వెళ్ళినవాళ్ళను నేనైతే ముందు వంతెనలూ రోడ్లూ కట్టే మద్రాస్ శాపర్స్‌లో, మద్రాస్ రెజిమెంట్‌లో, కూలి పనులు చేసే పయొనీర్ కోర్‌లో, సప్లై లారీలు నడిపిన సర్వీస్ కోర్‌లో వెతుకుతాను. నక్షత్రం వెనక ఉన్న యూనిట్ పొడి అక్షరాలు చూస్తే ఈ ఊహలతో పని ఉండదు. శాపర్స్ రికార్డులు బెంగళూరులో, మద్రాస్ రెజిమెంట్‌వి నీలగిరుల్లో కూనూరు దగ్గరి వెల్లింగ్టన్‌లో, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ, ఆయుధాలూ సామగ్రీ చూసే ఆర్డ్‌నెన్స్ వాళ్ళవి మన సికింద్రాబాద్‌లోనే, ఫిరంగి దళం ఆర్టిలరీవి నాసిక్ రోడ్‌లో ఉంటాయి. అన్నీ ఢిల్లీలోనే ఉంటాయనుకుని అక్కడికి పరుగెత్తకు.

ఆ ఆఫీసులో ఏముంటుందో కూడా తెలుసుకో. ప్రతి మనిషికీ ఒక షీట్ రోల్. భర్తీ తేదీ, తండ్రి పేరు, మతం, కులం, ఊరు, పోస్టాఫీసు, తాలూకా, దగ్గరి రైల్వే స్టేషను, ఎత్తు, పుట్టుమచ్చలు, వారసులెవరు, ఎడమ బొటనవేలి ముద్ర. తర్వాత జరిగిందంతా దాని మీదకే ఎక్కుతుంది. యూనిట్‌లో ఆయన సెలవు మీద వెళ్ళినా, నాయక్ హోదా వచ్చినా, ఆస్పత్రిలో చేరినా, పెళ్ళయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డరు అనే రాతపూర్వక ఉత్తర్వు వెలువడాలి. దాని ప్రతి రికార్డు ఆఫీసుకు వస్తే ఇక్కడ గుమాస్తా షీట్ రోల్‌లో ఎక్కించి, ఆర్డరు నంబరు, తేదీ వేసి, ఆఫీసరు సంతకం తీసుకుంటాడు. పార్ట్ టూ ఆర్డరు లేకపోతే సైన్యం లెక్కలో అది జరగనట్టే. ఎంతోమంది భార్యల ఫ్యామిలీ పెన్షను ఈ ఒక్క ఎంట్రీ లేకపోవడం వల్ల ఏళ్ళ తరబడి ఆగిపోవడం నా కళ్ళతో చూశాను. ఆ కాగితాల మీద నాకు గౌరవమూ భయమూ రెండూ అందుకే.

ఇప్పుడు మనసు గట్టి చేసుకుని చదువు. పెన్షను లేకుండా వచ్చేసినవాళ్ళ షీట్ రోల్ పాతికేళ్ళు దాచి, ఆ తర్వాత నాశనం చెయ్యాలని రూలు. యుద్ధం ముగిశాక 1946లో లక్షల మందిని ఇంటికి పంపారు, అందులో ఎక్కువమందికి పెన్షను లేదు. అంటే ఆయన షీట్ రోల్ 1971 ప్రాంతంలోనే పోయి ఉండొచ్చు. ఆ జవాబు రాగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు. నువ్వు ఆగకు. లాంగ్ రోల్ అని పెద్ద బైండు రిజిస్టర్లుంటాయి, వాటిని శాశ్వతంగా ఉంచాలి. నంబర్ల వరసలో ఒక్కో మనిషికి ఒక్క వరస, అంతే. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు, ఎందుకు వెళ్ళాడు లాంటి నాలుగు ముక్కలే. కానీ ఆ ఒక్క వరసే ఆయన ఉన్నాడనడానికి సైన్యం ఇచ్చే సాక్ష్యం. అందుకే దరఖాస్తులో "సర్వీసు రికార్డు ఇవ్వండి" అని ఊరుకోకుండా "షీట్ రోల్ లేని పక్షంలో లాంగ్ రోల్ ఎక్స్‌ట్రాక్ట్ ఇవ్వండి" అని విడిగా రాయాలి. అడగనిది ఎవరూ వెతికి ఇవ్వరు.

యూనిట్ తెలిసిందంటే రెండో దారి కూడా తెరుచుకుంటుంది. యుద్ధంలో ఉన్న ప్రతి యూనిటూ రోజువారీగా వార్ డైరీ రాసేది. తేదీ, వేళ, చోటు, ఏం జరిగింది. లండన్ కియూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆగ్నేయాసియా యుద్ధరంగం డైరీలు డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 172 అనే వరస కింద, ఇటలీవి 170 కింద, మధ్యప్రాచ్యానివి 169 కింద ఉంటాయి. మన రక్షణ శాఖ హిస్టరీ డివిజన్‌లోనూ పాత డైరీలున్నాయి. వాటిలో సిపాయి పేరు అరుదుగా తగులుతుంది. కానీ ఆయన ఏ నెలలో ఏ వంతెన దగ్గర ఉన్నాడో, ఆ రాత్రి వాన పడిందో లేదో తెలుస్తుంది. నా మటుకు నాకు షీట్ రోల్ కన్నా అదే విలువైనది. ఇంకో సంగతి. ఆ నక్షత్రాల్లో బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన బర్మాలో అడుగుపెట్టారని అనుకోకు. ఆ రోజుల్లో బెంగాల్, అస్సాంలో పనిచేసినవాళ్ళకూ అది వచ్చింది.

తమ్ముడి సంగతి తేలిక, కష్టం కూడా. యుద్ధంలో పోయినవాళ్ళ వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. ఒక్క స్పెల్లింగుతో వెతికి వదిలెయ్యకు. ఇంటిపేరు లేకుండా వెతుకు, నంబరుతో వెతుకు. ఊళ్ళ పేర్లు పాతవి వేసి చూడు. ఏలూరు ఎల్లోర్‌గా, కాకినాడ కోకనాడగా, శ్రీకాకుళం చికాకోల్‌గా ఉంటాయి. బర్మాలో పోయి సమాధి దొరకనివారి పేర్లు యాంగోన్ దగ్గర టౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద చెక్కారు, దాదాపు 27,000 పేర్లు. దొరికితే పేరు ఎక్కడ చెక్కారో ఆ నంబరుతో సహా వస్తుంది. మీ ముత్తాత తల్లిదండ్రుల పేర్లు తెలిస్తే సరిచూసుకో, తండ్రి పేరు కలిస్తేనే నమ్ము.

దరఖాస్తు సమాచార హక్కు చట్టం కింద పెట్టు, పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు. నీకూ ఆయనకూ చుట్టరికం చూపించే కాగితాలు, ఆయన మరణ ధ్రువపత్రం జతచెయ్యి. జిల్లా ఇప్పటిదే కాదు, ఆయన చేరినప్పటి జిల్లా, తాలూకా కూడా రాయి. నక్షత్రం వెనక ఫోటో ముందు నాకు పంపు. పొడి అక్షరాలు నేను చదివి ఏ ఆఫీసో చెబుతాను, చిత్తు ప్రతి కూడా రాసి పెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న